ఇంటి జాగా చరిత్ర: వేంపల్లె, డెపోక్

మన చరిత్ర గ్రంథాలలో కోటలకు చోటుంది, గుళ్ళకు చోటుంది, చెరువులకు కూడా కొంత చోటుంది. మనిషి తల దాచుకొనే జాగాకు మాత్రం చోటు లేదు. కల్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులు తిరగవేస్తే కడప జిల్లా గ్రామాలలో అడవి ఎవరు నరికించారు, ఊరు ఎవరు కట్టించారు, ఏ ప్రభువు ఎవరికి ఏ మాన్యం ఇచ్చాడు అనే సంగతులు విపులంగా దొరుకుతాయి. ఆ ఊరి కోటకు రాళ్ళు మోసినవాడు రాత్రి ఎక్కడ పడుకొన్నాడో అవి చెప్పవు. చెప్పవలసిన అవసరం రాయించినవారికి కనిపించలేదు. శిస్తు రాని జాగాతో ప్రభువుకు పని లేదు. ప్రభువుకు పని లేనిది లేఖకుడి కలానికి ఎక్కలేదు.

ఈనాడు ఆ జాగాకు వెల వచ్చింది. పాపఘ్ని ఒడ్డున ఉన్న వేంపల్లెలో కడప దారిన పోయినా, పులివెందుల దారిన పోయినా, ఎర్రగుంట్ల దారిన పోయినా పొలాల మధ్య నాటిన తెల్లరాళ్ళు కనిపిస్తాయి. ఆ రాళ్ళ మధ్య పైరు లేదు, ఇల్లు కూడా లేదు. ఉన్నది ప్లాటు. పంట పండించడానికీ, కాపురం చేయడానికీ కాక, ఇంకొకరికి అమ్మడానికి మాత్రమే ఉన్న భూమి మన గ్రామచరిత్రలో కొత్త వస్తువు. అది ఎట్లా పుట్టింది, దానివల్ల ఎవరు బాగుపడ్డారు, ఎవరు చితికిపోయారు అనే ప్రశ్నలను ఈ వ్యాసంలో చర్చించదలచాను. ఇందుకు పోలికగా ఇండోనేషియాలోని డెపోక్ పట్టణాన్ని తీసుకొంటున్నాను. అంత దూరం ఎందుకని పాఠకులు అడగవచ్చు. భూమికి సామాజిక ధర్మం ఉన్నదని శాసనంలో రాసుకొన్న దేశం అది. ఒక విశ్వవిద్యాలయం వచ్చిన తర్వాత పక్క ఊరి భూమి ఏమవుతుందో మనకంటే రెండు దశాబ్దాల ముందు చూసిన ఊరు అది.

1. అంకణం

సీమలో ఇంటిని అంకణాలతో లెక్కపెట్టేవారు. రెండు దూలాల మధ్య ఎడం ఒక అంకణం. మూడంకణాల మిద్దె, ఐదంకణాల మిద్దె అంటే ఆ కప్పు కింద ఎందరు మనుషులు, ఎన్ని గొడ్లు ఉండవచ్చునో వినేవాడికి తెలిసిపోయేది. దూలం పొడుగును బట్టి అంకణం మారుతుంది కాబట్టి ఆ కొలత అన్ని సీమల్లో ఒకటి కాదు. అది కాపురాన్ని కొలిచే కొలతే కాని, అంగడికి పనికివచ్చే కొలత కాదు. అంగడికి ఏ ఊళ్ళోనైనా ఒకే విలువ గల కొలత కావాలి. ఆ పని సెంటు చేసింది, తర్వాత చదరపు గజం చేసింది. ఎకరాకు 100 సెంట్లు, సెంటుకు 48.4 గజాలు. వేంపల్లె సెంటూ హైదరాబాదు సెంటూ కొలతలో ఒకటే. వెలలో మాత్రమే తేడా. భూమి సరుకుగా మారడానికి ఈ ఏకరూపత మొదటి షరతు.

ఇంతమాత్రాన పాత ఇంటిని స్వర్గంగా వర్ణించడం నా ఉద్దేశం కాదు. రాతిగోడల మీద దూలాలు పరచి, పైన చవుడు మట్టి పోసి, నడిమింట వెలుతురుకు గవాక్షి వదిలి కట్టిన మిద్దెలు ఎండాకాలంలో చల్లగానే ఉండేవి. అయితే ఆ మిద్దె ఎవరిది? ఊళ్ళో ఉన్న రైతుది, కరణానిది, కోమటిది. మాలపల్లె, మాదిగపల్లె ఊరి వెలుపల ఉండేవి. అక్కడ బోద కప్పిన కొట్టాలు, వానకు కూలితే మళ్ళీ నిలబెట్టుకోవలసిన మట్టిగోడలు ఉండేవి. చాలా ఊళ్ళలో ఆ కొట్టం నిలిచిన నేల కూడా ఆసామి దయ మీద ఆధారపడిందే. కూలికి రానన్న రోజున జాగా ఖాళీ చెయ్యమనే మాట వచ్చేది. ఇల్లు కాళ్ళకు వేసిన సంకెల కూడా కావచ్చునని ఏ సిద్ధాంతగ్రంథం చదవకుండానే మన పాలేర్లకు తెలుసు.

2. గొలుసు

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలాలకు ముఖ్య కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ఉండి, పాలెగాళ్ళను అణచి, పొలం పొలం గొలుసుతో కొలిపించి, రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. ఈ కొలతను గురించి మన పాఠ్యపుస్తకాలలో చాలా ఉంది. ఒక సంగతిని మాత్రం తగినంతగా పట్టించుకోలేదు. ఆ గొలుసు చేను గట్టు దగ్గర మొదలై ఊరి పొలిమేర ఇళ్ళ దగ్గర ఆగింది. ఇళ్ళున్న నేలను గ్రామకంఠం అని ఒక్క ముద్దగా చుట్టి వదిలేశారు. దానికి శిస్తు లేదు కాబట్టి లోపల ఎవరి జాగా ఎంత అనే లెక్క సర్కారుకు అక్కరలేదు.

ఈ విధంగా ఒకే ఊళ్ళో రెండు రకాల భూములు ఏర్పడ్డాయి. పొలానికి సర్వే నంబరు, పట్టా, అడంగల్ ఉన్నాయి. ఇంటికి స్వాధీనమే దస్తావేజు. తాత కట్టాడు, తండ్రి ఉన్నాడు, నేనున్నాను అనేదే హక్కు. ఇరుగుపొరుగు సాక్ష్యమే రిజిస్టరు. ఈ కాగితం లేనితనం పేదవాడికి ఒక విధంగా రక్ష, ఇంకో విధంగా ప్రమాదం. అమ్ముడుపోని జాగాను అప్పుకింద జప్తు చేయించుకోవడం షావుకారుకు అంత సులభం కాదు. కాని ఊరి పెద్ద కన్నేస్తే నిలుపుకోవడానికి పేదవాడి చేతిలో ఏమీ లేదు. కరణం కలమే ధర్మాసనం. 1984 జనవరిలో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యేదాకా ఆ కలం కొన్ని కుటుంబాలు దాటి బయటికి రాలేదు.

ఇదే కాలంలో కడపలో ఒక పరదేశి ఇల్లు కొన్న ఉదంతం ఉంది. 1820లో కలెక్టరు సహాయకుడుగా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఎర్రముక్కపల్లెలో బంగళా కొని, పండితులను పెట్టి, తన డబ్బుతో తాళపత్రాలు సేకరింపజేసి, ప్రతులు రాయించి, పాఠాలు పరిష్కరింపజేశాడు. వేమన పద్యాలు లోకానికెక్కడంలో ఆ ఇంటికి పాత్ర ఉంది. అప్పట్లో పట్టణానికి శివారైన ఆ చోటు ఇప్పుడు కడప నడిబొడ్డులో కలిసిపోయింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలవల్ల అదే స్థలంలో బ్రౌన్ పేర భాషా పరిశోధన కేంద్రం వెలిసింది. బ్రౌన్ వలస ప్రభుత్వ ఉద్యోగి అనే విషయం మరవనక్కరలేదు. ఆ డబ్బు కూడా ఈ రైతుల శిస్తులోంచి వచ్చిన జీతమే. అయినా ఆ బంగళా విలువ అందులో జరిగిన పనివల్ల వచ్చింది. ఆ స్థలాన్ని గజాల లెక్కన వెల కట్టి, ఆ వెలే దాని చరిత్ర అనుకొనేవాడు మన జిల్లాలో ఉండడు. ఉపయోగపు విలువకూ మారకపు విలువకూ తేడా విద్యార్థులకు చెప్పవలసి వచ్చినప్పుడు నేను ఈ ఉదాహరణే ఇస్తుంటాను.

3. అప్ అండ్ డౌన్

మద్రాసు–రాయచూరు రైలుమార్గం 1871 నాటికి పూర్తయింది. కడప, కమలాపురం, ఎర్రగుంట్ల, ముద్దనూరు దానిమీద పడ్డాయి, వేంపల్లె పడలేదు. ఈనాటికీ వేంపల్లెకు రైలు లేదు. ఉన్నవి రోడ్లు. కడప నుంచి పులివెందులకు పోయే దారీ, రాయచోటి నుంచి ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరుకు పోయే దారీ కలిసే చోట ఈ ఊరు ఉంది. చుట్టుపక్కల పల్లెలకు సంత ఇక్కడే, బస్సు ఇక్కడే, ఆసుపత్రి ఇక్కడే. గండి ఆంజనేయుని దర్శనానికి వచ్చే యాత్రికులు దిగేదీ ఇక్కడే. కూడలి ఊళ్ళకు మొదటినుంచీ కొంత అద్దె ఆదాయం ఉంటుంది.

అయితే గత రెండు దశాబ్దాలలో వచ్చిన మార్పు వేరు. 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, అదే ఏడు పులివెందులలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల వచ్చాయి. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు మూడు ప్రాంగణాలలో ఒకటి వేంపల్లె పక్కనున్న ఇడుపులపాయలో నెలకొన్నది. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం 2012లో ఉత్పత్తి మొదలుపెట్టాయి. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, ముద్దనూరు దగ్గర థర్మల్ విద్యుత్కేంద్రం అంతకు ముందునుంచే ఉన్నాయి. వీటన్నిటి మధ్యా నెల జీతగాడు పుట్టాడు. అతడు పనిచేసే చోటు ఒకటి, పడుకొనే చోటు ఇంకొకటి. పిల్లల బడి ఒక ఊళ్ళో, ఉద్యోగం ఇంకో ఊళ్ళో. అతనికి మన వాళ్ళు పెట్టిన పేరు "అప్ అండ్ డౌన్". "సారు అప్ అండ్ డౌన్ చేస్తాడు" అంటే వేంపల్లెలో తెలియనివాళ్ళు లేరు.

ఈ జీతగాడికి మొదట అద్దె ఇల్లు కావాలి. అద్దె ఇవ్వడం మొదలయ్యాక సొంత ఇల్లు కావాలనిపిస్తుంది. బ్యాంకు అప్పు ఇస్తానంటుంది. ఇంతవరకు ఇది గృహావసరం. ఇందులో తప్పు పట్టవలసింది లేదు. కాని ప్లాటు కొనేవాళ్ళంతా ఇల్లు కట్టడం లేదు. సంవత్సరాల తరబడి తుమ్మచెట్లు మొలిచిన వెంచర్లు మన కళ్ళ ముందే ఉన్నాయి. అవి కొన్నవాళ్ళు కాపురం కోసం కొనలేదు, ధర కోసం కొన్నారు.

ఉపాధ్యాయుణ్ణి కాబట్టి ఇరుగుపొరుగువారు దస్తావేజులు చదివించుకోవడానికి నా దగ్గరకు వస్తుంటారు. పాత క్రయపత్రాలకూ కొత్తవాటికీ చెక్కుబందీలో కనిపించే తేడా గమనించదగ్గది. పాత పత్రంలో తూర్పున ఫలానా వారి పెరడు, పడమట రాస్తా, ఉత్తరాన చింతచెట్టు, దక్షిణాన ఫలానా వారి గోడ అని ఉంటుంది. కొత్త పత్రంలో నాలుగు దిక్కులా ప్లాటు నంబర్లు, 30 అడుగుల రోడ్డు ఉంటాయి. మొదటిదానిలో ఇల్లు మనుషుల మధ్య ఉంది. రెండవదానిలో అంకెల మధ్య ఉంది. తెచ్చినవారిలో చాలామంది అడిగే ప్రశ్న కూడా ఒక్కటే: "సార్, ఇది రేపు అమ్మితే పోతుందా?" నీళ్ళు పడతాయా అనే ప్రశ్న తర్వాత వస్తుంది, కొన్నిసార్లు రానే రాదు.

చేను ప్లాటుగా మారే క్రమం ఎట్లాంటిదో చూద్దాం. కరువుకు అప్పులపాలైన రైతు దగ్గర బ్రోకరు కొద్ది అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాయించుకొంటాడు. పూర్తి సొమ్ము చెల్లించకముందే రాళ్ళు నాటుతాడు. రోడ్లకూ ఖాళీ స్థలానికీ వదిలినా ఎకరాకు సగానికి పైగా సెంట్లు అమ్మకానికి మిగులుతాయి. ప్లాట్లు కొన్నవాళ్ళ దగ్గర వసూలైన డబ్బుతోనే రైతుకు వాయిదాలు కడతాడు. అంటే తన పెట్టుబడి నామమాత్రం; రైతు భూమీ, కొనుగోలుదారుల పొదుపూ కలిసి అతని లాభాన్ని తయారు చేస్తాయి. వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చడానికి 2006లో చట్టం తెచ్చి రుసుము పెట్టారు. రుసుము కట్టకుండా, అనుమతి లేకుండా వేసిన లే అవుట్లు లెక్కకు మిక్కిలి. వాటిని 2007 చివరలో ఒకసారి, 2020లో మరొకసారి అపరాధ రుసుముతో క్రమబద్ధీకరించే పథకాలు పెట్టారు. తప్పు చేసినవాడు లాభం పట్టుకొని వెళ్ళిపోయిన తర్వాత, కొన్నవాడి దగ్గర జరిమానా వసూలు చేయడమే ఈ క్రమబద్ధీకరణ సారాంశం.

సర్కారుకు ఇందులో ఆసక్తి ఎందుకు? మన్రో నాటి సర్కారు శిస్తు మీద బతికింది. కాబట్టి చేను సాగులో ఉండడం దానికి కావాలి. ఈనాటి సర్కారుకు శిస్తు నామమాత్రం. స్టాంపులు, రిజిస్ట్రేషన్లు ముఖ్యమైన రాబడి. ఆంధ్రప్రదేశ్‌లో క్రయపత్రం మీద అన్నీ కలిపి 7.5 శాతం వసూలవుతుంది. భూమి చేతులు మారినప్పుడల్లా ఖజానాకు ఆదాయం. అందువల్ల సాగు కంటే అమ్మకమే ప్రభుత్వానికి అనుకూలమైపోయింది. ఇది ఏ ఒక్క పార్టీ దుర్బుద్ధి వల్ల వచ్చింది కాదు. రాబడి నిర్మాణంలోనే ఉన్నది.

ఈ అంగడిలో ఇంకొక కొనుగోలుదారు ఉన్నాడు. అతడు గల్ఫు కార్మికుడు. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్ వెళ్ళి ఇళ్ళలో వంటపనికీ, డ్రైవరు పనికీ, కట్టుబడి పనికీ కుదిరినవాళ్ళు వేలల్లో ఉన్నారు. వీరిలో స్త్రీలు చాలామంది. పరదేశీయుడు అక్కడ స్థిరాస్తి కొనడాన్ని 1979 చట్టం కట్టడి చేసింది. యజమాని పూచీ మీద ఆధారపడిన వీసాతో ఇరవై ఏళ్ళు ఆ దేశపు ఇళ్ళు కట్టి, ఊడ్చి, కడిగి, ఆ దేశంలో ఒక్క గది కూడా తనది అనిపించుకోలేని మనిషి సొంత జిల్లాలో నాలుగు సెంట్లు కొంటాడు. అతని ప్లాటును స్పెక్యులేషను అని కొట్టివేయడం అన్యాయం. వృద్ధాప్యానికి పింఛను లేనివాడికి ఆ నాలుగు సెంట్లే పింఛను. వర్గ విశ్లేషణ అంటే అన్ని ప్లాట్లనూ ఒకే గాటన కట్టడం కాదు. ఎవరి ప్లాటు వెనుక ఏ శ్రమ ఉన్నదో విడదీసి చూడడం.

4. అసైన్‌మెంటు

ఇక అసలు కొనలేనివాడి సంగతి. భూమిలేని పేదలకు సర్కారు బంజరు ఇచ్చే పద్ధతి పాతదే. మా వైపు దాన్ని డి.కె.టి. పట్టా అంటారు. ఇచ్చిన భూమి అప్పులకింద, బెదిరింపులకింద పెద్దల చేతుల్లోకి పోతున్నదని గ్రహించి 1977లో అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టం చేశారు. దాని ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. భూమి తిరిగి పేదవాడికి లేక ప్రభుత్వానికి రావాలి. చట్టం మంచిది. అమలు ఎట్లా ఉన్నదో చూడడానికి ఎంతో దూరం పోనక్కరలేదు. 2006 చివరలో నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఇడుపులపాయలోని తమ కుటుంబ ఎస్టేటులో ఆరు వందల ఎకరాలకు పైగా అసైన్డు భూమి ఉన్నదని ప్రకటించి, ప్రభుత్వానికి తిరిగి అప్పగించారు. అధికారంలో ఉన్నవాడు తానే చెప్పి అప్పగించడం అరుదైన విషయమని అప్పట్లో అన్నారు. అరుదైన మాట నిజమే. కాని చరిత్రకారుడు వేయవలసిన ప్రశ్న వేరు: నిషేధ చట్టం వచ్చి మూడు దశాబ్దాలు కావస్తున్నా, అంత భూమి ఆ ఎస్టేటులో ఉండిపోవడం రెవిన్యూ రికార్డుకు ఎందుకు కనిపించలేదు? ఆ ఇడుపులపాయలోనే 2008లో విద్యాలయం వెలిసింది; పల్లెల పేద పిల్లలు వేలమంది అక్కడ చదువుకొన్నారు. అది గొప్ప మేలు, దాన్ని తక్కువ చేయరాదు. అయితే ఆ విద్యాలయం వల్ల చుట్టుపక్కల పెరిగిన భూమి ధర ఎవరికి చెందింది? పిల్లలకు కాదు, పట్టా పోగొట్టుకొన్న కుటుంబాలకు కాదు. రోడ్డు పక్క నేలను ముందే చేతిలో పెట్టుకొన్నవారికి.

అదే కాలంలో రాష్ట్రంలో భూమి సమస్య మీద కోనేరు రంగారావు కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. దాని సిఫారసులు అమలు చేయాలనీ, ఇళ్ళ స్థలాలు ఇవ్వాలనీ వామపక్షాలు ఉద్యమించాయి. 2007 జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు. రెండు మూడు సెంట్ల జాగా కోసం ప్రాణాలు పోయిన రోజులూ, నగరాల చుట్టూ ఎకరాలు కోట్లకు పలికిన రోజులూ ఒకటే. ఇది యాదృచ్ఛికం కాదు. భూమి ధర పెరిగే కొద్దీ పేదవాడి జాగా కోరిక సర్కారుకు మరీ ఖరీదైన కోరికగా కనిపిస్తుంది.

2020 డిసెంబరులో రాష్ట్రంలో 30 లక్షల మందికి పైగా ఇళ్ళ పట్టాలు ప్రకటించారు. గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటున్నర అంటే 72.6 గజాలు. పట్టా స్త్రీ పేరుమీద ఇవ్వడం మంచి అడుగు. కాని స్థలం చవగ్గా దొరికే చోట వేసిన కాలనీ ఊరికి దూరం. కూలికి పోవడానికి ఆటో కావాలి. జీతగాడు అప్ అండ్ డౌన్ చేస్తే ఇంటి అద్దె భత్యం ఉంటుంది. కూలి మనిషి అప్ అండ్ డౌన్ చేస్తే ఆ చార్జీ కూలిలోంచే పోతుంది. మళ్ళీ 2023లో అసైన్డు సాగు భూములకు ఇరవై ఏళ్ళు దాటితే అమ్ముకొనే హక్కు ఇచ్చారు. హక్కు అనే మాట వినడానికి ఇంపుగా ఉంటుంది. ఊళ్ళో భూమి ధర ఆకాశానికి అంటిన తర్వాత పేదవాడికి దక్కిన మొట్టమొదటి సంపూర్ణ హక్కు దాన్ని అమ్ముకొనే హక్కు కావడం ఆలోచించవలసిన విషయం.

5. డెపోక్

జకార్తాకు దక్షిణంగా, బోగోర్ పోయే దారిలో డెపోక్ ఉంది. 1696లో కోర్నెలిస్ చాస్టెలీన్ అనే డచ్చి కంపెనీ ఉద్యోగి ఆ భూమి కొన్నాడు. 1714లో చనిపోతూ తన బానిసలను విముక్తులను చేసి, ఆ భూమిని వారు ఉమ్మడిగా అనుభవించాలని మరణశాసనం రాశాడు. అంటే ఆ ఊరికి తొలి భూస్వాములు విముక్తులైన బానిసలే. ఇదొక విచిత్రమైన ఆరంభం. 1873లో బటేవియా నుంచి బోగోర్‌కు రైలు వచ్చింది. డెపోక్ దాని మీద పడింది. వేంపల్లెకు దక్కని రైలు డెపోక్‌కు దక్కింది. శివారు పట్టణంగా దాని భవిష్యత్తు ఆనాడే నిర్ణయమైపోయింది.

1955లో బాండుంగ్‌లో ఆసియా, ఆఫ్రికా దేశాలను సమావేశపరచిన ఇండోనేషియా, ఐదేళ్ళ తర్వాత 1960 సెప్టెంబరు 24న మౌలిక భూచట్టం చేసింది. 1870 నాటి డచ్చి చట్టాన్ని రద్దు చేసి, భూమిపై అన్ని హక్కులకూ సామాజిక ధర్మం ఉన్నదని అందులో ప్రకటించింది. పూర్తి స్వామ్యం స్వదేశీ పౌరులకు మాత్రమే. కంపెనీలకు నిర్ణీత కాలానికి కట్టడ హక్కు. పరదేశీయుడికి వాడుకొనే హక్కు మాత్రమే. దీనితోపాటు భూగరిష్ఠ పరిమితి కూడా పెట్టారు. భూస్వాములు అమలును అడ్డుకొన్నప్పుడు 1963–65 మధ్య కమ్యూనిస్టు పార్టీ, రైతుసంఘాలు తామే భూములు ఆక్రమించే ఉద్యమం నడిపాయి. 1965 అక్టోబరు తర్వాత జరిగిన నరమేధంలో లక్షల మంది హతులయ్యారు. ఆ చట్టం రద్దు కాలేదు, ఈనాటికీ ఉన్నది. దాన్ని అమలు పరచగల జనాన్ని చంపివేశారు. చట్టం ఒకటి బతికి ఉండడానికీ, దాని వెనుక బలం బతికి ఉండడానికీ ఉన్న తేడా ఇంత స్పష్టంగా కనిపించే ఉదాహరణ ఆసియాలో మరొకటి నాకు తెలియదు.

సుహార్తో కాలంలో జకార్తా చుట్టూ శివారు పట్టణాలు లేచాయి. ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ పెరుమ్నాస్ 1976లో డెపోక్‌లో కాలనీ వేసింది. చిన్న ఉద్యోగులకు చిన్న ఇళ్ళు. 1987లో ఇండోనేషియా విశ్వవిద్యాలయం ప్రధాన ప్రాంగణం అక్కడికి మారింది. ఆ వెంటనే మార్గొండా రోడ్డు పొడుగునా అద్దె గదులు, అంగళ్ళు, తర్వాత అపార్టుమెంట్లు వెలిశాయి. విద్యార్థుల అద్దె గదిని అక్కడ "కోస్" అంటారు. పెరట్లో రెండు గదులు వేసి కోస్‌కు ఇచ్చిన స్థానికుడు మొదట కొంత సంపాదించాడు. ధర పెరిగాక పెరడు అమ్మి ఇంకా లోపలి పల్లెకు పోయిన స్థానికులూ ఉన్నారు. 2020 జనగణనలో డెపోక్ జనాభా 20 లక్షలు దాటింది.

టాంగెరాంగ్ వైపు పద్ధతి ఇంకా పెద్దది. 1989లో మొదలైన బుమి సెర్పోంగ్ దమై అనే పట్టణం దాదాపు 6,000 హెక్టార్ల మీద ప్రైవేటు కంపెనీల కూటమి తలపెట్టినది. అక్కడ ముందు రబ్బరు తోటలుండేవి. ప్రభుత్వం కంపెనీకి స్థల అనుమతి ఇచ్చేది. అనుమతి వచ్చాక ఆ హద్దులోని రైతు తన భూమిని ఇంకొకరికి అమ్ముకోవడం ఆచరణలో సాధ్యం కాదు. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ధర ఎవరు నిర్ణయిస్తారో చెప్పనక్కరలేదు. ఇక పరదేశీయుల సంగతి. చట్టం పూర్తి స్వామ్యం ఇవ్వదు కాబట్టి, స్థానికుడి పేరుమీద కొని, వెనుక వేరే ఒప్పందం రాసుకొనే పద్ధతి పెరిగింది. మన బినామీకి అది మలయా భాషలో అన్న. 1996లో పరదేశీయుల ఇళ్ళకు 25 ఏళ్ళ వాడుక హక్కుతో నిబంధన చేసి, తర్వాత ఆ గడువులను పెంచుతూ పోయారు.

6. తేలుతున్నదేమిటి?

వేంపల్లె పెద్ద ఊరు మాత్రమే, డెపోక్ మహానగరంలో భాగం. ఈ పరిమాణ భేదాన్ని నేను మరవలేదు. అయినా రెండుచోట్లా ఒకే సూత్రం పనిచేసింది. ప్రజల డబ్బుతో వచ్చిన విద్యాలయం, రోడ్డు, రైలు భూమికి విలువ తెచ్చాయి. ఆ విలువను ఏ పనీ చేయని యజమాని పట్టుకుపోయాడు. కాపిటల్ మూడవ సంపుటంలో ఇంటి స్థలాల కౌలును గురించి మార్క్స్ చెప్పిన సారం ఇదే: సమాజం ముందుకు పోతుంది, స్థలం యజమాని చేతులు ముడుచుకొని కూర్చొని దాని ఫలం తింటాడు. 1872లో గృహసమస్య మీద రాసిన వ్యాసాలలో ఎంగెల్స్ ఇంకో సంగతి చెప్పాడు. బూర్జువా వర్గం ఇంటి సమస్యను తీర్చదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుపుతుంది. ఊరి నడుమనుంచి సెంటున్నర కాలనీకి జరిగిన వేంపల్లె కూలీ, డెపోక్ నుంచి లోపలి పల్లెకు జరిగిన స్థానికుడూ ఆ మాటకు సాక్షులు.

అయితే ఎంగెల్స్‌ను యాంత్రికంగా ఇక్కడ అతికించడం సరికాదు. సొంత ఇల్లు కార్మికుణ్ణి యజమానికి కట్టిపడేస్తుందని ఆయన వాదించాడు. అది ఫ్యాక్టరీ పట్టణానికి సరిపోయే మాట. మన పల్లెలో దళితుడికి తనదైన జాగా లేకపోవడమే కట్టిపడేసింది. జాగా వచ్చిన రోజున కూలి గురించి గొంతెత్తగలిగాడు. కాబట్టి ఇంటి జాగా పోరాటం మన దగ్గర చిల్లర ఆస్తి మీద మోజు కాదు, ఆత్మగౌరవ పోరాటం. దాన్ని సమర్థిస్తూనే, జాగాను సరుకుగా మార్చే అంగడిని ఎదిరించాలి. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే మనం పేదవాడి సెంటున్నరనూ, బ్రోకరు వెంచరునూ ఒకే మాటతో తిట్టేవాళ్ళమో, ఒకే మాటతో పొగిడేవాళ్ళమో అవుతాం.

చట్టాల మీద కూడా ఒక మాట. 2022లో చేసి 2023 అక్టోబరులో అమలులోకి తెచ్చిన భూహక్కుల చట్టాన్ని 2024లో రద్దు చేశారు. ఆ చట్టం మీద జరిగిన వాదమంతా పట్టా ఉన్నవాడి భయాల చుట్టూ తిరిగింది. వివాదం సివిలు కోర్టు దాటి అధికారి చేతిలోకి పోతుందనే భయం నిరాధారం కాదు. కాని గ్రామకంఠంలో కాగితం లేకుండా ఉన్నవాడి మాట, కౌలుదారు మాట, చేను ప్లాటయ్యాక పని పోయిన కూలీ మాట ఎన్నికల సభల్లో ఎక్కడ వినిపించాయి?

చివరిగా మన సంగతి. ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులం, లెక్చరర్లం ఈ అంగడికి బయట నిలబడి లేము. వేంపల్లెలోనూ ప్రొద్దుటూరులోనూ ప్లాట్లు కొన్న జీతగాళ్ళలో మనవాళ్ళు ఎందరో ఉన్నారు. ఉండడానికి ఇల్లు కట్టుకోవడం నేరం కాదు. నేరమని చెప్పేవాడు అద్దె ఇంట్లో బతికినవాడు కాదు. కాని ఉండే ఇంటికి మించి మూడో ప్లాటు కొన్న ఉపాధ్యాయుడి ప్రయోజనం, తెలియకుండానే, అద్దెకుండే తోటి ఉద్యోగికీ, కాలనీ కూలీకీ ఎదురు తిరుగుతుంది. పగలు భూసంస్కరణల పాఠం చెప్పి సాయంత్రం గజం ధర పెరిగిందని సంతోషించే మనస్సును మన సాహిత్యం ఇంకా సరిగా పట్టుకోలేదు. సీమ కథలో కరువు వచ్చింది, ఫ్యాక్షను వచ్చింది. ప్లాటు కూడా రావాలి.

విద్యార్థులు చేయదగిన పని ఒకటుంది. ఎవరి ఊళ్ళో వారు ఒక్క సర్వే నంబరు తీసుకొని దాని చరిత్ర రాయాలి. రీసెటిల్‌మెంటు రిజిస్టరులో అది ఎవరిది, ఎప్పుడు అసైనైంది, ఎవరు సాగు చేశారు, ఎంతకు అగ్రిమెంటైంది, ఎన్ని ప్లాట్లయింది, ఎందరు ఇల్లు కట్టారు, ఆ చేలో కలుపు తీసిన ఆడవాళ్ళు ఇప్పుడు ఏ పనికి పోతున్నారు. కాగితాలు మండల కార్యాలయంలోనూ రిజిస్ట్రారు కార్యాలయంలోనూ దొరుకుతాయి. మిగిలింది ఆ ఆడవాళ్ళను అడగాలి. కైఫియత్తులు వదిలిన ఖాళీని ఇట్లాగే పూరించాలి. నూరు సర్వే నంబర్ల చరిత్ర చేతికి వచ్చిననాడు, భూమి విలువలో ప్రజల వాటా ఎంతో అడగడానికి ప్రజా ఉద్యమం దగ్గర నినాదంతోపాటు లెక్క కూడా ఉంటుంది.